కిటికీ అరుగుతో ఏడేళ్లు

మా ముందుగది గోడ ఒకచోట బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ మూడు కిటికీలున్నాయి. మధ్యది తిన్నగా, అటూ ఇటూ ఉన్నవి దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటాయి. దీన్ని బే విండో అంటారు. నాలుగో ఐదో కిటికీలు విల్లులా వంపు తిరిగి ఉంటే అది బో విండో. ఏడేళ్లుగా ఈ జాగాను రకరకాలుగా వాడి చూశాను కాబట్టి నా అభిప్రాయం మొదటే చెబుతాను: అక్కడ వస్తువులు పేర్చకండి, మనిషి కూర్చునే చోటుగా మార్చుకోండి.

నేను మొదట వేసింది రాతబల్ల. రెండు నెలలకే తీసేశాను. మూడు వైపుల నుంచి వెలుగు పడుతుంటే కంప్యూటర్ తెర మీద అక్షరాలు కనిపించేవి కావు, సాయంత్రానికి కళ్లు లాగేవి.

తర్వాత వడ్రంగితో కూర్చోవడానికి చెక్క అరుగు చేయించాను. పరుపుతో కలిపి ఎత్తు 18 అంగుళాలు, లోతు 22 అంగుళాలు. ఈ కొలతల్లో ఇప్పటికీ మార్చాలనిపించేది ఏదీ లేదు. కొలిచే ముందు ఆయన అట్టముక్కలు పరిచి, గోడ వెంట గీత గీసి కత్తిరించాడు. ఎడమ మూలకూ కుడి మూలకూ అర అంగుళం తేడా వచ్చింది! కంటికి సమానంగా కనిపించే కోణాలను నమ్మి పరుపు కుట్టిస్తే ఒకవైపు సందు మిగిలిపోయేది.

ఈ అరుగులో నాకు అన్నిటికన్నా నచ్చినది పక్కవైపు ఆనుకునే వీలు. ఏటవాలు కిటికీ కింద 16 అంగుళాల ఎత్తున్న చెక్క పలక బిగించాం. దానికి వీపు ఆనించి, మధ్య కిటికీ వెంట కాళ్లు చాపుకుంటే గంటల తరబడి చదువుకోవచ్చు. అద్దానికే ఆనుకోవడం ప్రమాదం, పైగా చలికాలంలో వీపు జివ్వుమంటుంది. మా అక్క ఇంట్లో ఉన్నది బో విండో. చూడటానికి మా దానికన్నా అందంగా ఉంటుంది, కానీ వంపు మెల్లగా తిరుగుతుంది కనుక ఆనుకోవడానికి సరైన మూల దొరకదు.

ఇక అరుగు కింద సామాన్లు దాచుకునే పెట్టె విషయం. మొదట పైమూత ఎత్తి తీసేలా చేయించాను. ఒక దుప్పటి కావాలంటే కూర్చున్నవాళ్లను లేపాలి, పరుపులు తీయాలి. రెండో ఏడాది దాన్ని సొరుగులుగా మార్పించాను. అప్పుడే అడుగున ఉన్న దుప్పటి తీసి చూస్తే, బయటి గోడ వైపు మడత నిండా ఆవగింజలంత నల్లటి బూజు మచ్చలు, ముక్క వాసన. చల్లటి గోడకు పెట్టె అతుక్కుని ఉండటంతో లోపలి గాలిలోని తేమ అక్కడ నీరుగా మారింది. ఇప్పుడు గోడకూ పెట్టెకూ మధ్య అంగుళం ఖాళీ ఉంది, ముందు పలకకు గాలి రంధ్రాలున్నాయి. మళ్లీ బూజు కనిపించలేదు.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో ఒక భాగాన్నే ఆపుతుంది, మిగిలినది బట్ట రంగును తినేస్తుంది. మూడేళ్ల తర్వాత ఒకరోజు దిండు పక్కకు జరిపితే దాని కింద చతురస్రంగా ముదురు నీలం, చుట్టూ అంతా బూడిద రంగు. ఎంతో ఇష్టపడి ఎంచుకున్న బట్ట అది, చాలా బాధేసింది. ఇప్పుడు అద్దాలకు ఆ కిరణాలను ఆపే పల్చటి ఫిల్మ్ అతికించి, లేతరంగు గలీబులు వేశాను. గదివైపు అడ్డంగా ఒకే కర్టెన్ వేస్తే అరుగు మొత్తం తెర వెనక్కి పోతుంది. ఏ కిటికీకి ఆ కిటికీకే విడిగా రోలర్ బ్లైండ్ (పైకి చుట్టుకునే తెర) పెట్టడం మేలు, ఎండ వచ్చిన వైపు మాత్రమే దించుకోవచ్చు.

మొక్కలు ఓ చివరన రెండు చాలు. అద్దానికి తగిలిన ఆకులు మాడతాయి, కుండీని వారానికోసారి తిప్పకపోతే కాడ వెలుగువైపు వంగిపోతుంది.

చిన్నపిల్లలుంటే అరుగు వాళ్లకు కిటికీ ఎక్కే మెట్టు అవుతుంది. రెక్కలు నాలుగు అంగుళాలకు మించి తెరుచుకోకుండా అడ్డుగొళ్లెం బిగించాకే పరుపు వేయండి. కొన్ని ఇళ్లలో ఈ భాగానికి కింద పునాది ఉండదు, గోడకు వేలాడుతూ ఉంటుంది. అలాంటి చోట పుస్తకాల బీరువా లాంటి బరువు పెట్టే ముందు ఇంజనీరుకు చూపించాలి.

మధ్య పరుపు ఇప్పుడు కుంగిపోయింది, అందరూ కూర్చునేది అక్కడే మరి. నాలుగు అంగుళాల ఫోమే మళ్లీ వేయిస్తున్నాను, ఈసారి ఇంకా గట్టిది.