స్టాన్‌ఫర్డ్ ఫిలాసఫీ ఎన్‌సైక్లోపీడియా: ఎలా వాడుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం

తత్వశాస్త్రంలో ఏదైనా మాట అర్థం కాకపోతే ఇంటర్నెట్‌లో ముందుగా తెరవాల్సింది స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ. 1995లో మొదలైంది. చదవడానికి పైసా కట్టక్కర్లేదు, లాగిన్ అడగదు. ఒక్కో వ్యాసాన్ని ఆ విషయంలో పనిచేసేవాళ్లే రాస్తారు, సంపాదకులు చూసి సరేనంటేనే పైకి వస్తుంది. ఆ తర్వాత దాన్ని సరిదిద్దుతూ ఉండే బాధ్యత కూడా రాసినవాళ్లదే.

దీని విలువ తెలియాలంటే 'ది అనాలిసిస్ ఆఫ్ నాలెడ్జ్' వ్యాసం తెరవండి. తగిన ఆధారమున్న నిజమైన నమ్మకమే జ్ఞానం అన్న నిర్వచనాన్ని తీసుకుని, అందులోని మూడు షరతులనూ విడివిడిగా పరీక్షిస్తుంది. ఆ మూడూ ఉన్నా జ్ఞానం అనలేని సందర్భాలున్నాయని 1963లో అమెరికన్ తత్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల్లో చూపించారు. ఆ చర్చలోనే 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడి ఉదాహరణ కనిపిస్తుంది. మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, ఇంకా పొగ లేవలేదు. వాసనకు పురుగులు ముసిరాయి. దూరం నుంచి చూసినవాడు ఆ నల్లటి గుంపును పొగ అనుకుని 'అక్కడ నిప్పుంది' అన్నాడు. నిప్పు నిజంగానే ఉంది. మరి అతనికి ఆ సంగతి తెలిసినట్టేనా? నిప్పు లేనిదే పొగ రాదని వింటూ పెరిగిన మనకు గెటియర్ ఉదాహరణల కన్నా ఇదే ముందు తలకెక్కుతుంది.

మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదవబోతే మూడో సెక్షన్‌లోనే ఊపిరాడదు. ముందుమాట, విషయసూచిక చూసి, కావాల్సిన సెక్షన్ ఒక్కటే చదవండి. తర్వాత చివరనున్న పుస్తకాల పట్టికకు వెళ్లండి. థీసిస్ రాసేవాళ్లకు సగం పని అక్కడే తీరుతుంది.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఉటంకించేటప్పుడు. శీర్షిక కింద మొదటి ప్రచురణ తేదీ, చివరిసారి పెద్ద మార్పు చేసిన తేదీ ఉంటాయి. మామూలు లింకు ఇస్తే రెండేళ్లకు వ్యాసం మారిపోయి, మీరు చెప్పిన సెక్షన్ నంబరు దగ్గర ఇంకేదో ఉండొచ్చు. ఏడాదికి నాలుగుసార్లు మొత్తం ఎన్‌సైక్లోపీడియాను ఆర్కైవ్‌లో మార్పు లేకుండా భద్రపరుస్తారు. ఆ ఎడిషన్ పేరు, సంవత్సరం రాసి, ఆ లింకే ఇవ్వండి. ప్రింటు తీసేవాళ్లు గుర్తుంచుకోండి: అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్స్) వేరే పేజీలో ఉంటాయి, దాన్ని విడిగా తీసుకోవాలి. చక్కటి పీడీఎఫ్ కావాలంటే మాత్రం డబ్బు కట్టి సభ్యులు కావాలి.

వాదనలో ఈ లింకు పడేసి 'ఇక అయిపోయింది' అనడం ఆన్‌లైన్‌లో అలవాటైంది. అది తప్పు. ఇక్కడి వ్యాసం తీర్పు కాదు. ఎవరెవరు ఏమన్నారో, ఎక్కడ తెగలేదో చెప్పే పటం. ఏ వాదానికి ఎంత చోటివ్వాలన్నది రాసినవారి ఎంపిక కూడా. అదే విషయం మీద పక్క వ్యాసం కూడా చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

బౌద్ధ తత్వవేత్తలు నాగార్జునుడు, ధర్మకీర్తి మీద విడి వ్యాసాలున్నాయి. కానీ పాశ్చాత్య తత్వంతో పోలిస్తే మన దర్శనాలకు దక్కిన చోటు తక్కువే. ఇది నిజంగా బాధపెట్టే లోటు. మన దర్శనాల మీది వ్యాసాలు చదివేటప్పుడు తెలుగువాళ్లు ఒక మాట దగ్గర ఆగాలి. అక్కడ రోమన్ లిపిలో కనిపించే 'అనుమాన' అంటే సందేహం కాదు, పొగను చూసి నిప్పును తెలుసుకోవడం.