బూడిద కొండ, ఎర్రరాతి ఊరు: అమెరికా ఎడారి పార్కులపై ఒక విశాఖవాసి సమీక్ష

విశాఖపట్నం నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు తిరిగివచ్చాక చూపించే ఫొటోలు చాలావరకు ఒకే వరుసలో ఉంటాయి: నయాగరా, గ్రాండ్ కేన్యన్, లాస్ వేగాస్. ఫీనిక్స్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి 2025 ఏప్రిల్‌లో వెళ్లినప్పుడు మేము ఆ వరుసను పక్కన పెట్టి, ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల ఎడారిలో ఉన్న కొన్ని చిన్న పార్కులకు నాలుగు రోజులు కేటాయించాం. అక్కడి సౌకర్యాలు, లోపాలు, పెట్టిన ఖర్చుకు, పడిన శ్రమకు దక్కిన ఫలితం గురించి ముఖ్యంగా అరవై దాటినవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను కనుక, రాయిని, బూడిదను, ఇనుప తుప్పును చూసేటప్పుడు ఆ అలవాటు నన్ను వదలదని ముందే చెప్పడం న్యాయం.

మొదటి మజిలీ సన్‌సెట్ క్రేటర్ అనే అగ్నిపర్వతం. ఫీనిక్స్ నుంచి ఉత్తరంగా దాదాపు 230 కిలోమీటర్లు వెళితే ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం, అక్కడి నుంచి మరో అరగంట ప్రయాణం. పార్కు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. జీవితమంతా సముద్రపు ఒడ్డున గడిపినవారికి అక్కడ నాలుగు అడుగులు గబగబా వేస్తే ఆయాసం వస్తుంది. కారు దిగి పది నిమిషాలు కూర్చున్న తరువాతే నడక మొదలుపెట్టమని నా సలహా.

లావా మీదుగా వేసిన కాలిబాట మీద నడుస్తూ నేను చూసింది నాకు ఎంతో పరిచయమైన దృశ్యం. ఫర్నేస్ నుంచి ద్రవరూపంలో దిగిన స్లాగ్ (ఇనుము తీయగా మిగిలే మడ్డి) చల్లారినప్పుడు పైన పెచ్చులు కట్టి, లోపల ఇంకా కదులుతున్న వేడికి ఆ పెచ్చులు విరిగి, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఎలా గడ్డకడతాయో, అక్కడి లావా సరిగ్గా అలాగే ఉంది. కాకపోతే మైళ్ల మేర పరుచుకుని ఉంది. తెలుగు నేలమీద లావా రాయిని చూడాలంటే మనం రాజమండ్రి దగ్గరి కాటేరు, పంగిడి క్వారీలకు వెళ్లాలి, అదేమో కోట్ల ఏళ్లనాటిది. సన్‌సెట్ క్రేటర్ మాత్రం 1085 ప్రాంతంలో పేలింది. మన సింహాచలం ఆలయంలో దొరికిన అతి పాత శాసనం కూడా ఆ 11వ శతాబ్దం చివరిదే. అంటే కొండమీద అప్పన్న గుడి గోడకు అక్షరాలు చెక్కిన తరం బతికి ఉన్న కాలంలోనే అక్కడ నేల చీలి ఈ 300 మీటర్ల కొండ పుట్టింది. ఆ సంగతి తట్టాక ఆ నల్లరాళ్లను చూసే తీరే మారిపోయింది.

కొండ పైఅంచు మాత్రం నల్లగా ఉండదు. ఇనుము గాలిలో ఆక్సీకరణం చెందడం వల్ల అక్కడ ఎరుపు, నారింజ రంగులు తేలాయి. సూర్యాస్తమయం పేరు దానికి వచ్చింది ఆ రంగువల్లే. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు ఎరుపునిచ్చింది కూడా ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడే. పోలిక అక్కడితో ఆగుతుంది. సన్‌సెట్ క్రేటర్‌ను 1973 నుంచి ఎవ్వరినీ ఎక్కనివ్వడం లేదు. అంతకుముందు ఎక్కినవారి అడుగులకు వదులు బూడిద జారిపోయి కొండ పక్కన లోతైన గాడి పడింది. ఎక్కాలన్న కోరిక ఉన్నవారి కోసం పక్కనే ఉన్న లెనాక్స్ క్రేటర్‌ను తెరిచి ఉంచారు. మన దిబ్బల మీద ఆదివారం సాయంత్రం ఎవరికి తోచిన చోట వారు దిగి, ఎక్కి, అంచులు విరిచి ఆడుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను, యువకుడిగా ఉన్నప్పుడు నేనూ అలాగే ఎక్కాను. ఆ కొండ పాదాల దగ్గర నిలబడినప్పుడు ఆ విషయం నన్ను నిజంగా బాధపెట్టింది.

ఈ కొండ దక్కింది కూడా కొందరు అడ్డుపడటం వల్లనే. 1928లో ఒక సినిమా కంపెనీ కొండచరియలు విరిగిపడే దృశ్యం కోసం దీని పక్కను డైనమైట్‌తో పేల్చాలనుకుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో మ్యూజియం నెలకొల్పిన హెరాల్డ్ కోల్టన్, ఆయనతోపాటు స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. 1930లో అధ్యక్షుడు హూవర్ దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. సందర్శకుల కేంద్రంలో ఈ కథను తప్పక చదవాలి.

అక్కడి నుంచి వుపాట్కి అనే పురాతన శిథిల గ్రామపు పార్కు దాకా లోపలి రోడ్డు ఒకటి ఉంది. ఈ రెండు పార్కులనూ కలిపే ఆ దారిని హైవే మీదుగా వెళ్లి వదులుకోవద్దు. పైన్ చెట్ల నీడలో మొదలై, దాదాపు 600 మీటర్లు దిగుతూ, చెట్లు పొట్టివై, గడ్డి పసుపు రంగుకు తిరిగి, చివరికి ఎదురుగా గులాబీ రంగు ఎడారి పరుచుకుంటుంది. దారి పొడవునా నేలమీద నల్ల బూడిద పలుచగా కనిపిస్తూనే ఉంటుంది. విస్ఫోటనంలో ఎగసిన బూడిద సుమారు 800 చదరపు మైళ్ల మీద పడిందట. దగ్గరగా ఉన్న ఊళ్లను అది కప్పేసింది, కాని దూరంగా పలుచగా పడిన చోట నేలలోని తడిని ఎండకు ఆరిపోకుండా పట్టి ఉంచింది. వాన అంతంతమాత్రమైన ఆ చోట మొక్కజొన్న పండటానికి ఇది తోడ్పడిందని, జనం అక్కడ స్థిరపడటానికి ఇదొక కారణమని అక్కడి వివరణ ఫలకాలు చెబుతాయి. మన రైతులు మొక్క మొదట్లో ఎండుటాకు పరిచేది కూడా ఇందుకే.

వుపాట్కి ఈ ప్రయాణమంతటిలో నాకు ఎక్కువ నచ్చిన చోటు. 12వ శతాబ్దంలో కట్టిన, దాదాపు వంద గదుల ఎర్రరాతి కట్టడం అది. కొన్నిచోట్ల మూడంతస్తులు లేచింది. పలకలుగా విరిగే ఇసుకరాయిని ఏరి, బంకమట్టితో పేర్చి, సహజంగా ఉన్న బండరాళ్లనే గోడల్లో కలుపుకుంటూ కట్టారు. ఎక్కడ బండ ఆగి ఎక్కడ గోడ మొదలైందో తెలుసుకోవడానికి నేను ఒక మూల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తవ్వకాల్లో మెక్సికో వైపు ఉష్ణమండల అడవులకు చెందిన ఎర్రని మకా చిలుకల ఎముకలు, సముద్రపు గవ్వలు దొరికాయి; అంటే చుక్క నీటికోసం వెతుక్కునే ఈ ఎడారి ఊరికి వందల మైళ్ల అవతలివారితో వర్తకం ఉండేది. కట్టడానికి దిగువన గుండ్రని గోడలతో బంతి ఆట మైదానం ఉంది. 13వ శతాబ్దం నడిమికి జనం ఇక్కడి నుంచి కదిలిపోయారు. అయితే ఈ ఊరు పాడుబడిందని ఆ జనం వారసులైన హోపీ మూలవాసులు అనరు. తమ పూర్వీకులు కాపలాగా ఇక్కడే ఉన్నారని నమ్ముతారు. పార్కువారు ఆ మాటను ఫలకాల మీద గౌరవంగా రాశారు. పురాతన స్థలాన్ని చూపించేటప్పుడు, దాని వారసులు ఇంకా ఉన్నారని, వారికొక మాట ఉందని గుర్తుంచుకోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

మైదానం పక్కనే నేలలో ఒక చిన్న బిలం ఉంది. దాని అడుగున రాతి పగుళ్లలో గాలి విస్తారంగా నిలిచి ఉంటుంది. బయట వాతావరణ పీడనం తగ్గితే బిలం గాలిని బయటికి ఊదుతుంది, పెరిగితే లోపలికి పీలుస్తుంది. మేము మధ్యాహ్నం వెళ్లాం. చల్లని గాలి మొహానికి కొట్టి మనవరాలి జుట్టు పైకి లేచింది. ఆ పిల్లకు పీడనం అంటే ఏమిటో చెప్పడానికి నాకు కష్టం కాలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే కిటికీలు సరిచూసుకునే ఊరివాళ్లం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానును ఇంట్లో కూర్చుని విన్నవాళ్లం. అదే పీడనం ఇక్కడ నేలతో ఊపిరి తీయిస్తోందని చెబితే, మళ్లీ చేయి పెట్టి చూస్తానని కూర్చుంది.

ఇక ఖర్చు, సౌకర్యాలు. ఈ రెండు పార్కులకూ కలిపి కారుకు 25 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. మా అమ్మాయి పేరిట 80 డాలర్ల వార్షిక పాస్ ఉండటంతో కారులోని అందరికీ అదే సరిపోయింది. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కానివారికి వార్షిక పాస్ 250 డాలర్లు చేశారు, గ్రాండ్ కేన్యన్ వంటి 11 పెద్ద పార్కుల్లో వారికి మనిషికి 100 డాలర్ల అదనపు రుసుము కూడా పెట్టారు. ఈ సమీక్షలోని పార్కులేవీ ఆ 11లో లేవు. కనుక పిల్లల పాస్‌తో, పిల్లల కారులో వెళ్లడం మంచిది. అసలు కారు లేకుండా వీటిని చూడటం దాదాపు అసాధ్యం, అది నా దృష్టిలో పెద్ద లోపమే. తినడానికి ఏమీ దొరకదు. మేము పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లి పార్కు బల్లల దగ్గర తిన్నాం. నీడ అరుదు, చాలాచోట్ల ఫోన్ పనిచేయదు, వసంతకాలపు ఎడారి గాలికి టోపీ నిలవదు.

నీళ్ల విషయంలో మనవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. విశాఖలో ఉక్కపోతకు చొక్కా తడిసి ముద్దవుతుంది కనుక ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. అక్కడ చెమట పుట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. చర్మం పొడిగానే ఉంటుంది, దాహం ఆలస్యంగా వేస్తుంది, అప్పటికే తల నొప్పి మొదలవుతుంది. నా భార్యకు మొదటిరోజు ఇదే జరిగింది. దాహం లేకపోయినా అరగంటకోసారి తాగాలి. దగ్గరలోనే ఉన్న వాల్‌నట్ కేన్యన్ కొండచరియ ఇళ్లకు మేము పైనుంచే దండం పెట్టాం, ఎందుకంటే ఐలండ్ ట్రెయిల్ అనే కాలిబాటలో దిగిన 240 మెట్లూ తిరిగి ఎక్కాలి.

ఆరిజోనాలోనే ఉన్న పెట్రిఫైడ్ ఫారెస్ట్ (రాయిగా మారిన అడవి) పార్కులో దాదాపు 45 కిలోమీటర్ల రోడ్డు వెంట కారులోనే చాలా చూడవచ్చు కనుక మోకాళ్ల నొప్పులవారికి అది అన్నిటికంటె అనుకూలం. 20 కోట్ల ఏళ్లకు పైబడిన చెట్ల మానులు రాయిగా మారి పడి ఉన్నాయి; అగ్నిపర్వత బూడిద నుంచి నీటిలో కరిగిన సిలికా కొయ్య కణాల స్థానాన్ని ఆక్రమించింది, ఇనుము వాటికి ఎరుపు, పసుపు రంగులు వేసింది. ప్వెర్కో అనే శిథిల గ్రామం దగ్గర ఒక బండమీద చుట్టలు తిరిగిన గీత చెక్కి ఉంది, జూన్ 21 ప్రాంతంలో సూర్యకిరణం దానిని తాకుతుంది. పాత రూట్ 66 రహదారి ఒకప్పుడు ఈ పార్కు గుండానే వెళ్లేది. ఇప్పుడు అక్కడ తుప్పుపట్టిన 1932నాటి స్టూడ్‌బేకర్ కారు, ఒక వరుస టెలిగ్రాఫ్ స్తంభాలు మాత్రమే ఉన్నాయి. రాయిగా మారిన కొయ్యలో చిన్న ముక్క కూడా తీసుకుపోవడం నేరం. దొంగతనంగా పట్టుకుపోయినవారు తరువాత మనసు ఒప్పక క్షమాపణ ఉత్తరాలతో తిప్పి పంపిన రాళ్లు ఒక కుప్పగా పోగుపడ్డాయి. అవి ఎక్కడివో తెలియదు కనుక తిరిగి అసలు చోట పెట్టలేరని విని, మా మనవరాలు చేతిలోని చిన్న రాయిని తీసిన చోటే పెట్టింది.

న్యూమెక్సికోలోని ఎల్ మోరోకు టికెట్ లేదు. నిటారుగా లేచిన ఇసుకరాతి కొండ, దాని పాదంలో వాననీరు, మంచు కరిగిన నీరు చేరే ఒక మడుగు. నిండితే అది 12 అడుగుల లోతు ఉంటుంది, సుమారు 2 లక్షల గ్యాలన్లు పడుతుంది. ఆ దారిన పోయేవారంతా ఆ నీటికోసమే ఆగారు, ఆగినవారు కొండమీద గుర్తులు చెక్కారు. మూలవాసుల బొమ్మల పక్కన 1605 ఏప్రిల్ 16న ఈ దారిన వెళ్లానని స్పెయిన్ తరఫున న్యూమెక్సికోను పాలించిన గవర్నర్ ఒన్యాతే చెక్కించిన వాక్యం, 1857లో ఒంటెలతో వచ్చిన బృందంలోనివారి పేర్లు, మొత్తం రెండువేలకు పైగా ఉన్నాయి. అరమైలు కాలిబాట మీద నెమ్మదిగా నడిచి అన్నీ చదవవచ్చు. మన విశాఖ దగ్గరి బౌద్ధ స్థలం తొట్లకొండకు ఆ పేరు తెచ్చినది కూడా రాతిలో తొలిచిన నీటి తొట్లే కదా. కొండమీద నీరు నిలిపినవారి చుట్టూనే చరిత్ర పోగుపడుతుందని నాకు అక్కడ అనిపించింది. 1906 నుంచి ఈ కొండమీద ఒక్క అక్షరం చెక్కినా శిక్షార్హమే. కొండపైన అట్సిన్నా అనే పెద్ద శిథిల గ్రామం ఉంది, అల్లుడుగారు ఎక్కి చూసివచ్చారు.

మాకు వీలుకానిది ఒక్కటి మిగిలింది. ఎల్ మోరోకు దగ్గరలోని ఎల్ మాల్పాయిస్ అనే లావా పార్కులో జూనీ, ఆకొమా అనే మూలవాసుల గ్రామాల మధ్య లావామీదుగా సాగే పాత బాట ఉంది. ఒక వైపుకే ఏడున్నర మైళ్లు. పగుళ్లలో రాళ్లు నింపి పూర్వులు కట్టిన వంతెనలు ఇంకా ఉన్నాయని, రాతి గుట్టలే దారి చూపుతాయని చెప్పారు. మోకాళ్లు గట్టిగా ఉన్నవారు మందపాటి అడుగున్న బూట్లతో, తలా మూడు నాలుగు లీటర్ల నీటితో, రెండో చివర ఒక కారు పెట్టుకుని తెల్లవారుజామునే బయలుదేరండి.