బరంపురంలో అంతరిక్ష సదస్సుకి వెళ్లేవాళ్లు లాడ్జి లెక్క ముందే అడగండి

ఒడిశా వైపు కొన్ని లాడ్జిల్లో రోజు ఉదయం 8 గంటలకి మారుతుంది. మీరు రాత్రి 11కి దిగినా, తెల్లవారుజామున 5కి దిగినా, 8 కొట్టగానే రెండో రోజు అద్దె మొదలు. ఈ ఒక్క ముక్క మాకు ఎవరూ చెప్పనందుకు బరంపురంలో 3,000 రూపాయలు పోగొట్టుకున్నాం. మా తర్వాత వెళ్లే రీసెర్చ్ స్కాలర్లకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

విశాఖ నుంచి ముగ్గురం బయల్దేరాం: నేనూ, నా జూనియర్ శ్రావణి, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్న రమణ మాస్టారు. అంతరిక్ష పరిశోధకుల జాతీయ సదస్సు, మార్చిలో. ఇస్రో వాళ్ల ఆధ్వర్యంలో సాధారణంగా రెండేళ్లకోసారి జరిగే పెద్ద సదస్సు వేరు. అది 2012లో తిరుపతిలో, 2019లో పుణెలో, 2024లో గోవాలో జరిగింది. ఇది అంత పెద్దది కాదు. కానీ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో ఇలాంటిది పెట్టడం మాబోటివాళ్లకి పెద్ద ఊరట. స్టూడెంట్ రిజిస్ట్రేషన్ 2,500, మధ్యాహ్నం భోజనం అందులోనే.

వసతికి నిర్వాహకులు మెయిల్లో ఒక లాడ్జి పేరు ఇచ్చారు. మాకు డబుల్ రూం 1,800, మాస్టారికి సింగిల్ 1,200, అడ్వాన్స్ ఫోన్‌పేలో కట్టేశాం. రైలు దిగి లాడ్జికి వెళ్లేసరికి 5:40. కౌంటర్లో కుర్రాడు తెలుగే. "రండమ్మా, వైజాగా? మా అత్తోరిది సోంపేట" అంటూ బ్యాగులు కూడా మోశాడు. పరాయి రాష్ట్రంలో మన భాష వినబడగానే ప్రాణం లేచొచ్చింది. స్నానాలు చేసి 8:15 బస్సుకి కిందికి దిగితే అదే కుర్రాడు రిజిస్టర్ తిప్పి చూపించాడు. "నిన్నటి రోజు అయిపోయిందమ్మా. ఇవాళ్టిది కొత్త లెక్క."

మాస్టారు మొదట నవ్వారు, ఏదో పొరపాటు అనుకున్నారు. తర్వాత అర్థమై గొంతు పెంచారు. రెండు గంటల ఇరవై నిమిషాలకి రెండు గదుల పూర్తి అద్దె! మెయిల్లో లేదు, అడ్వాన్స్ తీసుకున్నప్పుడు చెప్పలేదు. కౌంటర్ వెనక గోడ మీద ఒడియాలో ఏదో రాసి ఉంది. "అందులో ఉందండి" అన్నాడు. మాకు ఒడియా చదవడం రాదని వాడికి తెలుసు. ఓనర్‌కి ఫోన్ చెయ్యమంటే ఆయన నిద్రలో ఉన్నారన్నాడు. బయట బస్సు హారన్ కొడుతోంది. శ్రావణి కళ్లల్లో నీళ్లు. నాన్‌నెట్ ఫెలోషిప్ (నెట్ పరీక్షతో పనిలేకుండా ఇచ్చేది) మీద బతికే పిల్లకి నెలకొచ్చేదే 8,000. ఆ అమ్మాయి ముందు ఇంకా గొడవపడలేక మాస్టారే మొత్తం కట్టి బస్సెక్కారు. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదాయన.

ఆ సాయంత్రమే గదులు ఖాళీ చేశాం. బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. పాత బజారు వీధుల్లో ఇప్పటికీ తెలుగు గట్టిగా వినిపిస్తుంది, సత్రాలూ ఉన్నాయి. ఒక సత్రంలో డబుల్ 400, సింగిల్ 250, వేడినీళ్ల బకెట్ 20. గది చిన్నది, ఫ్యాన్ చప్పుడు చేస్తుంది, దుప్పటి మాత్రం ఉతికిందే. గుమాస్తా ఆధార్ చూసి, మేం అడక్కుండానే "24 గంటల లెక్కమ్మా, మీరు సాయంత్రం ఆరింటికి వచ్చారు, రేపు ఆరింటి దాకా మీదే" అని రసీదు మీద టైం వేసిచ్చాడు. లాడ్జిలో కావాల్సిందీ ఆ ఒక్క మాటే.

పక్క సందులో ఒకావిడ ఇంట్లోనే మెస్ నడుపుతున్నారు. ప్లేటు భోజనం 80. పప్పు అనుకుని కలుపుకుంటే దాల్మా. గుమ్మడికాయ, అరటికాయ, మునక్కాడ అన్నీ వేసి ఉడికించి పైన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లారు. దాని పక్కనే మన ఆవకాయ. "ఏటి మాస్టారూ, అలా కెలుకుతున్నారు, ఏసుకోండి" అంటూ ఆవిడ ఇంకో గరిటె వేశారు. పొద్దున్నించీ ముభావంగా ఉన్న మాస్టారు మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. పొద్దున టిఫిన్‌కి వడ మీద చట్నీకి బదులు ఘుగుని (బఠాణీల కూర) పోస్తారు, 30 రూపాయలు. మొదటిరోజు వింతగా ఉన్నా, తర్వాత మేమే అడిగి పోయించుకున్నాం.

ఇక సదస్సు. ఉపన్యాసాలన్నిటి గురించీ రాయను. నాకు బాగా నచ్చింది చంద్రయాన్-3 లోని చాస్టే గురించి చెప్పినది. విక్రమ్ దిగింది 2023 ఆగస్టు 23న. ఆ ల్యాండర్‌లోని చాస్టే, పది ఉష్ణోగ్రత సెన్సార్లున్న చువ్వని చంద్రుడి నేలలోకి దించింది. పైన 50 డిగ్రీలకి అటూ ఇటూగా ఉన్న వేడి, 8 సెంటీమీటర్ల లోతుకి వెళ్లేసరికి మైనస్ 10 దగ్గరికి పడిపోయింది. బెత్తెడు లోతులో అంత తేడా! చంద్రుడి పైమట్టి వేడిని కిందికి పోనివ్వదని పుస్తకంలో చదవడం వేరు, ఆ గ్రాఫ్‌ని తెర మీద చూడటం వేరు.

నా పోస్టర్ అయానోస్ఫియర్ మీద, అంటే పైవాతావరణంలో విద్యుదావేశమున్న కణాల (ప్లాస్మా) పొర. అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొస మీదుగా పోతుంది. 1963లో మొదటి రాకెట్‌కి కేరళలోని తుంబాని ఎంచుకున్నది కూడా అందుకే. ఆ రేఖ మీద పగలు పైకి లేచిన ప్లాస్మా రెండువైపులా జారుతుంది. పొద్దుగూకాక అందులో బుడగల్లాంటివి పుడతాయి, వాటి గుండా వచ్చే జీపీఎస్ సిగ్నల్ మిణుకుమంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది ఎక్కువ. పోస్టర్ ప్రింటుకి 450 అయింది. తీరా చూస్తే అక్కడి బోర్డులు పొట్టివి, నా పోస్టర్ అడుగుభాగం మూరెడు కిందికి వేలాడింది. ముఖ్యమైన గ్రాఫులు అక్కడే ఉన్నాయి. టెన్షన్‌తో నిలబడి ఉంటే, తల నెరిసిన ఒక పెద్దాయన వచ్చి గొంతుకూర్చుని, వేలాడే అంచుని చేత్తో పట్టుకుని చదివారు. ఉన్నట్టుండి తలెత్తి "ఎల్1, ఎల్5 రెండూ ఒకే గ్రాఫ్‌లో గీశావా?" అన్నారు. అవి జీపీఎస్ సిగ్నల్ వచ్చే రెండు ఫ్రీక్వెన్సీలు. లేదన్నాను. "గియ్యమ్మా. ఎల్5 ఫ్రీక్వెన్సీ తక్కువ, మిణుకు దాంట్లోనే ఎక్కువుండాలి. లేదంటే ముందు నీ రిసీవర్‌ని అనుమానించు." నా పేపర్‌కి వచ్చిన రివ్యూల్లో ఎవరూ అనని మాట అది. తర్వాత 2024 మే 10 నాటి సౌర తుఫాను మీదికి వెళ్లారు. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది కదా, మీ విశాఖ డేటాలో ఏముందో తియ్యమన్నారు. టీ బ్రేక్ మొత్తం నా దగ్గరే కూర్చున్నారు.

చివరి సాయంత్రం గోపాల్‌పూర్ వెళ్లాం, ఆటో 400 అడిగాడు, 300కి వచ్చాడు. బీచ్ కన్నా అక్కడి జాలర్లు గుర్తున్నారు. వాళ్లని నోళియాలంటారు, ఇంట్లో తెలుగే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాలిచ్చే సముద్రపు వేడిని, నాచు రంగుని చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో సూచనలు పంపుతుంది. వస్తున్నాయా అని అడిగితే వల బాగుచేసుకుంటున్న ఒకాయన ఫోన్ తీసి చూపించాడు. మెసేజ్ ఒడియాలో ఉంది. "నాకు సదవడం రాదు, బడికెళ్లే మనవడు సదివి సెప్తాడు" అన్నాడు. సదస్సులో ఉపగ్రహ సమాచారం జనానికి చేరడం గురించి ఒక సెషన్ మొత్తం నడిచింది. ఆ సెషన్‌కి ఇతన్ని పిలవాల్సింది.

తిరిగొచ్చాక టీఏ బిల్లు పెట్టాం. లాడ్జివాడు చేత్తో రాసిచ్చిన తెల్ల కాగితం చెల్లదన్నారు. సత్రం రసీదుకి నంబరూ ముద్రా ఉన్నాయి, ఆ డబ్బు వచ్చింది. లాడ్జి గంటల లెక్కని వసతి మెయిల్లోనే రాయమని, విద్యార్థులకి హాస్టల్ గదులు ఇప్పించమని నిర్వాహకులకి ముగ్గురం సంతకాలు పెట్టి ఉత్తరం పంపాం. వాళ్లు బదులిచ్చేదాకా ఆ మెయిల్లో వచ్చే లాడ్జికి అడ్వాన్స్ కట్టకండి. స్టేషన్ దిగి నేరుగా పాత బజారుకి పొండి.