తక్కువ గ్రేడ్ల పాత క్రెడిట్లు: వెంట తీసుకెళ్లడం మేలా, వదిలేయడం మేలా?

మా అక్క కొడుకు గుంటూరులో బీఎస్సీ కంప్యూటర్స్ మొదటి సంవత్సరం పూర్తిచేసి, ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆపి, బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉద్యోగంలో చేరాడు. రెండేళ్ల తరువాత ఇక్కడే సాయంకాలపు కాలేజీలో బీసీఏ చదవాలనుకున్నప్పుడు అతని చేతిలో ఉన్నవి రెండు సెమిస్టర్ల మార్కుల మెమోలు, 40 క్రెడిట్లు (పాసైన ప్రతి సబ్జెక్టుకూ డిగ్రీ లెక్కలో జమయ్యే యూనిట్లు), వాటి పక్కన ఎక్కువగా సీ, పీ గ్రేడ్లు. "మావయ్యా, ఎలాగూ పాసయ్యాను కదా, ఆ ఏడాది మళ్లీ ఎందుకు చదవాలి?" అని అడిగాడు. వెంటనే అవుననీ కాదనీ చెప్పలేకపోయాను. రెండు ఆదివారాలు ఆ మెమోలు ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాక నాకు తేలినదేమిటంటే, గ్రేడు ఎంత వచ్చిందని చూసేముందు, ఇకపై చదవబోయే పాఠాలు ఆ సబ్జెక్టు మీద ఎంతగా నిలబడి ఉన్నాయో చూడాలి.

నిబంధనల మాటకొస్తే, యూజీసీ సూచించిన పది పాయింట్ల పద్ధతిలో సీ అంటే 5, పీ అంటే 4, ఎఫ్ అంటే సున్నా. పీ వచ్చినా ఆ సబ్జెక్టు పాసైనట్టే, దాని క్రెడిట్లు విద్యార్థివే. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లను జమచేసే ఆన్‌లైన్ ఖాతా) నిబంధనల ప్రకారం అలా సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి, అయితే డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు చదివి తీరాలి. 120 క్రెడిట్ల డిగ్రీకి బయటినుంచి 60 వరకు తీసుకురావచ్చన్నమాట. కానీ ఖాతాలో క్రెడిట్లు ఉన్నంతమాత్రాన కొత్త కాలేజీ వాటిని ఒప్పుకోవాలని లేదు. పాత సిలబస్‌ను తమ సిలబస్‌తో పోల్చి చూసుకుని చెబుతారు. కర్ణాటకలో ఈ పోలిక ఇంకాస్త చిక్కు, ఎందుకంటే 2021-22లో నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతి తెచ్చి 2024-25 నుంచి మళ్లీ మూడేళ్ల డిగ్రీకి మారారు. కాబట్టి మెమోలతోపాటు చదివిన ఏడాది సిలబస్ ప్రతిని విశ్వవిద్యాలయం ముద్రతో తెచ్చుకోవడం తప్పనిసరి అనుకోవాలి.

క్రెడిట్లు తీసుకెళ్తే మిగిలేది ఒక ఏడాది కాలం, ఆ ఏడాది ఫీజు. పోయేది సీజీపీఏ, అంటే డిగ్రీ మొత్తానికి వచ్చే సగటు గ్రేడు పాయింటు. 40 క్రెడిట్లు సగటున 5 పాయింట్లతో వచ్చి, మిగిలిన 80 క్రెడిట్లలో సగటున 8 తెచ్చుకుంటే మొత్తం మీద 7.0 వస్తుంది. మొదటినుంచి చదివి అంతటా 8 తెచ్చుకుంటే 8.0 వస్తుంది. చేరాక 9 సగటు తెచ్చినా పాత 40 కలిస్తే దాదాపు 7.67 దగ్గరే ఆగిపోతుంది. అందుకే కొత్త విశ్వవిద్యాలయం పాత గ్రేడును సీజీపీఏలో కలుపుతుందా, క్రెడిట్లను మాత్రమే లెక్కలోకి తీసుకుని గ్రేడు వదిలేస్తుందా అన్నది చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అమెరికాలో సాధారణంగా సీ గ్రేడు, అంతకు పైన ఉన్నవే ఒప్పుకుంటారు, పాత గ్రేడును కొత్త జీపీఏలో చాలాచోట్ల కలపరు. ఇక్కడ అదే జరుగుతుందని అనుకోకూడదు. ప్రాంగణ నియామకాల్లో 60 శాతం దగ్గర గీత గీసే కంపెనీలకు 7.0 చాలు, కనుక ఉద్యోగమొక్కటే లక్ష్యమైతే ఒక పాయింటు కోసం ఏడాది ఇవ్వడం నాకు సబబుగా తోచదు.

అయితే అసలు నష్టం సీజీపీఏలో కనబడదు. మావాడికి ఇంగ్లిషులోనూ పర్యావరణ అధ్యయనంలోనూ వచ్చినవీ సీ గ్రేడులే, కానీ వాటివల్ల రెండో సంవత్సరంలో ఏ పాఠమూ ఆగిపోదు. అలాంటివి నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. లెక్కల్లో పీ గ్రేడు, 'సీ' అనే ప్రోగ్రామింగ్ భాషలో సీ గ్రేడు వచ్చాయి. పాయింటర్ (మెమరీలో డేటా ఉన్న చోటు చిరునామా) అంటే ఏమిటో చెప్పమన్నాను, తడబడ్డాడు. అర్రే (వరుసగా పేర్చిన విలువలు) మీద లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) రాయమన్నాను, పావుగంట కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. మూడో సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ (డేటాను అమర్చే పద్ధతులు) మొదలవుతుంది, అందులో లింక్డ్ లిస్టు అనే అమరిక మొదటి పాఠమే పాయింటర్లతో నడుస్తుంది. పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రం తరగతిలో కూర్చునేవాడికి పాతది నేర్చుకుంటూ కొత్తది అందుకోవడం సాధ్యమని నాకు అనిపించలేదు. అలా చేరితే ఆదా అయిన ఏడాది బ్యాక్‌లాగుల (తప్పి మిగిలిన సబ్జెక్టుల) రూపంలో తిరిగి ఖర్చవుతుంది. చెన్నైలో కొన్ని కంపెనీలు 'హిస్టరీ ఆఫ్ అరియర్స్' (ఎప్పుడైనా సబ్జెక్టు తప్పారా) అని విడిగా అడుగుతాయి, అంటే తరువాత క్లియర్ చేసినా ఆ మచ్చ మిగులుతుంది.

ఇవి కాక మరో రెండు దారులు ఉన్నాయి. దూరవిద్య అందించే ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకు సాగదీసుకోవచ్చు. ఐఐటీ మద్రాసు 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సులో క్వాలిఫైయర్ అనే ప్రవేశ పరీక్ష దాటితే చాలు, పాత డిగ్రీ మెమోలతో పనిలేదు, లెక్కలూ ప్రోగ్రామింగూ ఫౌండేషన్ దశలో 32 క్రెడిట్లతో మళ్లీ మొదటినుంచే నేర్పుతారు. సొంతంగా కూర్చుని చదివే అలవాటు ఉన్నవారికి ఇది మంచి మార్గం, మావాడికి ఆ అలవాటు లేదు.

ఏ దారి పట్టినా ఒక జాగ్రత్త తప్పదు. కొత్త కాలేజీ ఎన్ని క్రెడిట్లు ఒప్పుకుందో కాగితం మీద చేతికొచ్చేదాకా పాత కాలేజీలో టీసీ, మైగ్రేషన్ సర్టిఫికేట్ తీసుకోకూడదు. టీసీ తీసుకున్నాక అక్కడ తిరిగి చేరడం కష్టం, ఇక్కడ కాదంటే రెండూ పోతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే కాలేజీ ఎదురైతే, అలా ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించిందని గుర్తుచేయాలి.

మావాడు అడిగిన కాలేజీ సబ్జెక్టులవారీగా మినహాయింపు ఇవ్వలేమని, చేరితే మూడో సెమిస్టర్‌లో, లేకపోతే మొదటి సెమిస్టర్‌లో చేరాలని చెప్పింది. ఇంగ్లిషు క్రెడిట్లు కాపాడుకోవాలంటే ప్రోగ్రామింగ్ లోటునూ వెంట తెచ్చుకోవాలి. నేను మొదటి సెమిస్టరే మేలన్నాను, అతను మరో వారం ఆలోచించి ఒప్పుకున్నాడు. ఇప్పుడు రాత్రి పదింటికి ఇంటికొచ్చి, భోజనం చేసి, ఒక గంట కాగితం మీద ప్రోగ్రాములు రాస్తున్నాడు.