ధనుష్కోడి వెళ్తే స్టేషన్ దగ్గర దిగండి

రామేశ్వరంలో ధనుష్కోడికి ఆటో మాట్లాడుకుంటే వరసగా చూపించేవి మూడు: కోదండరామాలయం, పాడుబడ్డ చర్చి, చివర నేల కొస అయిన అరిచల్ మునై. 1964 తుపానులో పాడుబడిపోయిన ఈ ఊరు పెరిగిందే రైలు వల్ల. ఆ రైల్వే స్టేషన్‌ను మాత్రం "నాలుగు రాళ్లు సార్, ఏముంది" అని దాటించేస్తారు. మాకు రానూపోనూ 1,000 చెప్పి 700కి ఒప్పుకున్నాడు. చర్చి దగ్గర ఇరవై నిమిషాలు ఆపాడు, గవ్వల దుకాణం దగ్గర అంతకన్నా ఎక్కువే. స్టేషన్‌కి గొడవపడితే పది నిమిషాలు. అప్పటికే పెద్దవాళ్లు ఎండకు విసిగిపోయి ఆటో దిగనన్నారు.

పైగా దారి పొడవునా ఒకటే కథ చెబుతారు: రామేశ్వరం ద్వీపాన్ని అవతలి ఒడ్డుతో కలిపే పాంబన్ వంతెన మీంచి, ఆ తుపాను రాత్రి రైలు సముద్రంలో పడిపోయిందని. పడలేదు. అసలు ఆ రైలు వంతెన ఎక్కాల్సిన పనే లేదు.

1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన తెరిచాక, ద్వీపం మీదున్న పాంబన్ స్టేషన్ దగ్గర మీటర్ గేజి లైను రెండుగా చీలేది. ఒకటి రామేశ్వరానికి, సుమారు 10 కిలోమీటర్లు. రెండోది ధనుష్కోడికి, సుమారు 24. మద్రాసు ఎగ్మోర్‌లో బోట్ మెయిల్ రైలు ఎక్కినవాళ్లు ధనుష్కోడి రేవులో దిగి, స్టీమరు మీద శ్రీలంకలోని తలైమన్నార్ చేరి, అక్కడ ఇంకో రైలెక్కి కొలంబో వెళ్లేవాళ్లు. మొత్తానికి టికెట్టు ఒకటే. అందుకే ఇసుక దిబ్బల మధ్య కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, ఆసుపత్రి, బడి వెలిశాయి. సేతుస్నానానికి వచ్చే మన యాత్రికులకూ ఇదే దారి.

1964 డిసెంబరు 22 రాత్రి 11:55కి 653 నంబరు పాసింజరు పాంబన్‌లో బయల్దేరింది. ఆరు బోగీలు, 110 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది. ధనుష్కోడి ఇంకో కొన్ని వందల గజాలు ఉందనగా సిగ్నల్ పనిచేయలేదు. కాసేపు చూసి డ్రైవరు కూత వేసి బండిని ముందుకు కదిపాడు. ఉప్పెన అక్కడే మింగేసింది. టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ల లెక్క ఎవరికీ తేలలేదు. అదే తుపానులో పాంబన్ వంతెన గర్డర్లు కూడా కొట్టుకుపోయాయి. దాన్ని రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో నిలబెట్టారు. ఒకే రాత్రి జరిగిన ఈ రెండూ కలిసిపోయి ఆటోవాళ్ల నోట ఒకే కథ అయ్యాయి.

రామేశ్వరం లైను బతికింది. ధనుష్కోడిని నివాసానికి పనికిరాదని ప్రకటించి, లైను వదిలేశారు. ఓడ రామేశ్వరానికి మారింది, శ్రీలంక గొడవలతో 1980ల్లో అదీ ఆగిపోయింది. రామేశ్వరం నుంచి ధనుష్కోడికి 17 కిలోమీటర్ల లైను వేస్తామని 2019లో శంకుస్థాపన చేశారు. పట్టాలు మాత్రం పడలేదు.

ఇప్పుడు అక్కడ ఉన్నవి మొండి గోడలు, నీళ్ల ట్యాంకు నిలిచిన స్తంభాలు. ట్యాంకు దగ్గర కాసేపు నిలబడండి. ఆవిరి ఇంజను వెనక్కి వెళ్లాలంటే బాయిలరుకు మంచినీళ్లు కావాలి, ఉప్పునీళ్లు పోస్తే లోపల ఉప్పు గడ్డకడుతుంది. రెండు పక్కలా సముద్రమే ఉన్నా, ఇక్కడ ఇసుకలో కొన్ని అడుగులు తవ్వితే తియ్యటి నీళ్లు పడతాయి. ఇసుకలోకి ఇంకిన వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి పైన పొరలా తేలి ఉంటుంది. ఆశపడి లోతుగా తవ్వారా, ఉప్పే వస్తుంది. జాలరుల గుడిసెల పక్కన ఇలాంటి లోతు తక్కువ గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి.

చర్చి గోడలు పగడపు రాయి. దగ్గరగా చూస్తే తేనెపట్టులా సన్నటి చిల్లులు, కొన్నిటి మీద పగడపు పువ్వు గీతలు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఉప్పుగాలికి రాళ్ల మధ్య సున్నం రాలిపోతోంది. గోడలెక్కి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది, ఎప్పుడు ఏ రాయి ఊడుతుందో తెలియదు.

రామేశ్వరంలో బస, దర్శనం గురించి కొత్తగా చెప్పేదేం లేదు, బాగానే జరిగాయి. ధనుష్కోడికి మాత్రం ఇద్దరు ముగ్గురే అయితే ఆటో దండగ. 2017లో అరిచల్ మునై దాకా రోడ్డు తెరిచాక ప్రభుత్వ బస్సే వెళ్తోంది. అంతకుముందు ఇసుకలో వ్యాన్ల వాళ్లు చెప్పిందే రేటు. బస్సులో వెళ్లి పాత ధనుష్కోడి దగ్గర దిగండి, స్టేషనూ చర్చీ నడిచి చూసుకుని తర్వాతి బస్సుకి కొస దాకా వెళ్లండి. నీడ అన్నది లేదు కాబట్టి పొద్దున్నే బయల్దేరడం మేలు, తాగే నీళ్లు తలా రెండు లీటర్లు ఉండాలి. చీకటి పడకముందే అందర్నీ వెనక్కి పంపేస్తారు, సాయంత్రం నాలుగు దాటాక వెళ్తే డబ్బు వృథా. పాకల్లో వేయించిన చేప 150 తీసుకున్నారు, అప్పుడే వల నుంచి తీసింది, ఆ రోజు దండగ అనిపించని ఖర్చు అదొక్కటే. ధర మాత్రం పెనం మీద వేయకముందే అడగండి.

ఆటోనే కావాలంటే ఎక్కేముందే ఈ మాట చెప్పి ఒప్పించుకోండి: "పళైయ రైల్వే స్టేషన్, అరై మణి నేరం." పాత స్టేషన్, అరగంట అని.