గండికోట: లోయను చివరికి ఉంచుకుని నడిస్తే

గండికోటకు ఇది నా రెండో ప్రయాణం. మొదటిసారి స్నేహితులతో పోయినప్పుడు బాడుగ కారు డ్రైవరు మమ్మల్ని కోట లోపలిదాకా తీసుకుపోయి దించాడు. గంటలో తిరిగి రావాలని తొందరపెట్టాడు. నేరుగా పెన్నా లోయ అంచుకు పోయి, ఫోటోలు తీసుకుని వచ్చేశాం. ఊరు చూడలేదు, ధాన్యాగారం చూడలేదు. కడపలో పుట్టి పెరిగి గండికోటను అంతేనా చూసింది అని చాలా రోజులు బాధగా ఉండేది.

ఈ జనవరిలో మా నాయనను తీసుకుపోయాను. నలభై ఏళ్లు బేల్దారి మేస్త్రీగా పనిచేసిన మనిషి. ఇప్పుడు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అందుకే కారును కోట గుమ్మం బయటే ఆపి, ఊరి మీదుగా చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చేలా అనుకున్నాం. మొత్తం నా ఫోన్‌లో నాలుగు కిలోమీటర్ల లోపే చూపించింది. కూర్చుంటూ, లేస్తూ మూడున్నర గంటలు పట్టింది. లోయ దగ్గరి బండలు తప్ప దారంతా చదునుగానే ఉంది. పెద్దవాళ్లతో పోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు: తప్పకుండా పోవచ్చు, పొద్దున్నే పోండి.

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. మేము ఏడు కాకముందే గుమ్మం చేరాం. చెక్క తలుపులకు ఇనుప మేకులు పొడుచుకుని ఉంటాయి. ఏనుగులతో తలుపులు పగలగొట్టించకుండా పెట్టేవాళ్లట. గుమ్మం లోపల దారి నేరుగా పోదు, మలుపు తిరుగుతుంది. నాయన గోడకు చెయ్యి ఆనించి, రాయికీ రాయికీ మధ్య సందును గోటితో చూశారు. "ఎంత బాగా చెక్కినారో చూడు" అని అక్కడే పది నిమిషాలు నిలబడిపోయారు.

గుమ్మం దాటితే ఊరు. చాలామంది కార్లలో దీన్ని దాటేసి పోతారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను, దిగి నడవండి. రాతి గోడల ఇళ్లు, వాకిట్లో ముగ్గులు, గొర్రెలు, ఎనుములు. ఒక పెద్దామె నాయనను చూసి "యా ఊరన్నా మీది?" అని అడిగింది. కడప అంటే, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ముందు మాధవరాయసామి గుడికి పోండి. ఎండెక్కితే ఆడ బండలు కాలుతాయి" అని చెప్పింది. ఆమె మాట విని మంచి పని చేశాం. మాధవరాయస్వామి గుడి విజయనగర కాలం నాటి కట్టడం. గోపురం చాలా ఎత్తు, స్తంభాల మీద బొమ్మలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. గుళ్లో పూజలు లేవు. మండపంలో మేమిద్దరమే, పైన చిలకల అరుపులు.

పావురాల గోపురం, జైలు చూసి మసీదు వైపు పోయాం. జైలు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. మసీదు మాత్రం నింపాదిగా చూడాలి. రెండు మినార్లు, ముంగిలి చుట్టూ వరసగా కమాన్లు. దానికి దగ్గర్లోనే ధాన్యాగారం, ఆ పక్కన కాస్త ఎత్తులో రంగనాథస్వామి గుడి. విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. తర్వాత గోల్కొండ సుల్తాను తరఫున ఆయన సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఆ మీర్ జుమ్లాను కలవడానికి 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. గుడి మెట్ల మీద కూర్చుని నాయనకు ఈ సంగతి చెప్తే, "అంత దూరం నుంచి ఈ కొండ మీదికా!" అని ఆశ్చర్యపోయారు.

నడకలో నాకు అన్నిటికంటే నచ్చింది ధాన్యాగారం. బయటినుంచి చూస్తే మామూలు కట్టడమే. లోపలికి అడుగుపెడితే చల్లగా, చీకటిగా, పెద్ద పెద్ద కమాన్లతో తల మీద కప్పు. నాయన లేకపోతే నేను రెండు నిమిషాల్లో బయటికి వచ్చేదాన్ని. ఆయన చూపించాక అర్థమైంది. కమాను కప్పు బరువు నేరుగా కిందికి దిగదట, పక్కలకు తోస్తుందట. ఆ తోపును ఆపడానికే గోడలు అంత మందం. మందం గోడలుంటే లోపల వేడి తక్కువ, ధాన్యానికీ మేలు. తన చిన్నప్పుడు వాళ్ల తాత సున్నాన్ని గానుగలో రుబ్బించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాడని చెప్పారు. "మనం సిమెంటు పూసిన ఇండ్లు ముప్పై ఏండ్లకే పెచ్చులు లేస్తాండాయి. ఇది చూడు" అంటూ గోడను అరచేత్తో నిమిరారు. ఆ గోడ మీదే ఎవరో పేర్లు చెక్కారు. ఆ పేర్లు చూసి ఆయన మొహం చిన్నబోయింది. దయచేసి పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి.

ఇక లోయ. గండి అంటే కొండల మధ్య నది కోసుకున్న దారి. ఊరి పేరు దాన్నుంచే వచ్చింది. ఇక్కడి రాతి పొరకు భూగర్భ శాస్త్రంలో గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు. చాలా గట్టి రాయి. చదరపు ముక్కలుగా పగిలిన బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. అంచు దగ్గర రెయిలింగ్ ఉండదు, బండ మీద నుంచి బండ మీదికి అడుగు వెయ్యాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందుకు పోకపోవడమే మంచిది. నాయన వెనకే ఒక చదును బండ మీద కూర్చున్నారు. అక్కడినుంచి కూడా పెన్నా నీళ్లు పచ్చగా కనిపించాయి, ఆయనకు అది చాలింది. నేను అంచుకు పోయి చూసి వచ్చేదాకా మాత్రం ఆయనకు టెన్షనే.

తిరుగుదారిలో కత్తుల కోనేరు, రాయల చెరువు చూశాం. యుద్ధం అయ్యాక కత్తులు కడగడంతో కోనేటి నీళ్లు ఎర్రబడ్డాయని ఊళ్లో చెప్పుకుంటారు. కొండ మీద ఇంత ఊరు, ఇంత సైన్యం బతకాలంటే నీళ్లే ముఖ్యం కదా, అందుకే చెరువు చూడకుండా పోవద్దని చెబుతాను.

ఇబ్బందులూ చెప్పాలి. దారిలో నీడ తక్కువ. లోయ దగ్గర ప్లాస్టిక్ సీసాలు చాలా పడి ఉన్నాయి. ఏది ఏమిటో తెలిపే బోర్డులు సరిపోవు. ఎండాకాలంలో పెద్దవాళ్లను అసలు తీసుకురావద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, పట్టు ఉండే చెప్పులు తెచ్చుకోండి. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన ఆ అర మార్కు చెత్తకు.

పదిన్నరకు మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చాం. జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జి తింటుండగా నాయన అన్నారు: "మళ్లీ వస్తే మీ చిన్నాయనను గూడా పిల్చకరావల్ల. ఆ కప్పు వాడు చూడాల." చిన్నాయనదీ బేల్దారి పనే. ఉగాది లోపల, ఎండలు ముదరకముందే పోదామని అనుకున్నాం.