బండికి వంక లేదు, కొండెక్కితే వచ్చే ఆ కంపు తప్ప

ఈ టర్బో పెట్రోల్ కారు కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దీని పికప్, మైలేజీ గురించి ఊదరగొట్టాను. ఫీచర్ల సంగతి అందరికీ తెలిసిందే. నా గొడవంతా వాసనతోనే.

అలిపిరి దాటి తిరుమల ఘాట్ రోడ్డు మలుపులో రెండో గేరు వేసి గట్టిగా తొక్కి, ముందు బస్సుందని నెమ్మదిస్తే చాలు, ఏసీలోంచి కుళ్లిన కోడిగుడ్డు కంపు. మా అత్త మొదట వెనక సీట్లోని మనవణ్ణి అనుమానించింది. కోడిగుడ్డు కొండకు తీసుకుపోనివ్వరు, ఈ కారేమో వాసనను పైదాకా మోస్తోంది!

సర్వీస్ సెంటర్లో "బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లన్నీ ఇంతే సార్" అని జాబ్ కార్డు మీద 'నార్మల్' రాసి పంపేశారు. కొన్నాళ్లకు చదును రోడ్డు మీదా అదే కంపు, తిరుపతి లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర కూడా. మైలేజీ పడిపోయిందంటే ట్రాఫిక్ అన్నారు. చంద్రగిరి దారిలో ఇంజిన్ లైటు వెలిగాక బయటి మెకానిక్ దగ్గరికి పోయాను. అతను కింద దూరి సైలెన్సర్ పైపులో లీకేజీ లేదని చూసుకుని, స్కానర్ పెట్టాడు. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ పోయింది, అందుకే పెట్రోలు ఎక్కువ తాగుతోంది.

అతను చెప్పిందిదీ: బీఎస్6 పెట్రోల్లో గంధకం 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) లోపే, బీఎస్4లో 50 దాకా ఉండేది. ఆ కాస్తా పొగలో కలిసి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో పేరుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తీసుకుంటే ఆ గంధకం కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి బయటికొస్తుంది. కన్వర్టర్ కొత్తగా ఉన్నప్పుడే ఇది ఎక్కువట. అందుకే కొండ మీద అప్పుడప్పుడూ వస్తే పర్లేదు, చదును రోడ్డు మీద రోజూ వస్తే మాత్రం ఏదో చెడిందని లెక్క. అలాగే వదిలేస్తే కన్వర్టరే మాడిపోతుంది, దాని ఖరీదు వింటే గుండె జారుతుంది.

ఆ స్కాన్ రిపోర్టు సర్వీస్ సెంటర్ వాళ్ల ముందు పెడితే వారంటీలో సెన్సర్ మార్చారు, మాట్లాడకుండా. ఇప్పుడు ఊళ్లో వాసన లేదు. ఘాట్ మీద అప్పుడప్పుడూ వస్తుంది, బయటి గాలి లోపలికి రాకుండా రీసర్క్యులేషన్ బటన్ నొక్కి ఎక్కేస్తున్నాం. మైలేజీ కూడా కోలుకుంది గానీ, కొన్న కొత్తలో నేను అందరికీ చెప్పిన మైలేజీ చిత్తూరు హైవే మీదది, అది గమనించండి.

మా ఆవిడ ఉద్యోగం తిరుమలలో కాబట్టి మాకిది రోజువారీ బాధ. కాణిపాకం, చిత్తూరు వైపు తిరిగేవాళ్లకు అసలు తెలియకపోవచ్చు. మళ్లీ కొంటే టర్బో లేనిది చూస్తానేమో. దానికీ కన్వర్టర్ ఉంటుంది కదా, వాసన రాదని చెప్పలేను. డీజిల్ అందామంటే, ఊళ్లో చిన్న చిన్న తిరుగుళ్లకు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మూసుకుపోయే టెన్షన్ ఇంకోటి.